నల్ల బంపరుకు రంగు వేయాలా, వద్దా?

పిల్లలూ! ఈసారి మన ప్రయోగశాల రోడ్డు పక్కనే ఉంది. కర్దనూర్‌లోనో, పటాన్‌చెరులోనో, సంగారెడ్డిలోనో ఎండలో నిలిపి ఉంచిన పది కార్లను దగ్గరగా పరిశీలించండి. తలుపులు, పైకప్పు వంటి రేకు భాగాలు తెల్లగానో ఎర్రగానో మెరుస్తుంటాయి. బంపర్ల అడుగు భాగం, చక్రాల మీద వంపు తిరిగిన అంచులు, తలుపుల పక్క అడ్డంగా ఉండే బీడింగులు, ముందు అద్దం తుడిచే వైపర్ల కింది పలక మాత్రం వేరుగా ఉంటాయి. వాటికి రంగు వేయరు. అది నల్ల ప్లాస్టిక్.

కొత్త కారులో ఈ ప్లాస్టిక్ కాటుకలా నిగనిగలాడుతుంది. ఐదారేళ్ళు ఎండకు ఎండిన కారులో అదే ప్లాస్టిక్ పొయ్యిలో బూడిదలా వెలిసిపోయి కనిపిస్తుంది. వేలితో గట్టిగా రుద్దితే సన్నని పొడి కూడా అంటుకోవచ్చు.

ఇక్కడే ఒక చర్చ మొదలవుతుంది. "ఒక డబ్బా నల్ల రంగు కొట్టిస్తే కొత్తదైపోతుంది" అంటారు కొందరు. "వద్దు, ఒక్క వానాకాలం గడిస్తే పెచ్చులు పెచ్చులుగా లేస్తుంది" అంటారు మరికొందరు. పారిశ్రామికవాడకు ఉద్యోగులను దించుతూ అద్దెకారు నడిపే కుటుంబానికి ఇది చిన్న విషయం కాదు. కారు రెండు మూడు రోజులు షెడ్డులో ఉంటే ఆ రోజుల సంపాదన పోతుంది. వేసిన రంగు లేచిపోతే కూలీ, సరుకు రెండూ దండగ. పైగా లేచిన రంగును గీకి తీయడం మొదటి పనికన్నా కష్టం.

ఈ చర్చలో ఎవరి మాట నిజం? రెండు మాటల్లోనూ కొంత నిజం ఉంది. ఏది ఎప్పుడు నిజమో తెలియాలంటే ముందు ఆ నల్ల పదార్థం సంగతి తెలుసుకోవాలి.

ఆ నల్ల పదార్థం ఏమిటి?

ఒకప్పుడు మన రోడ్ల మీద తిరిగిన అంబాసిడర్ కారుకు మెరిసే పూత పూసిన ఉక్కు బంపర్లు ఉండేవి. ప్లాస్టిక్ బంపర్లతో వచ్చిన తొలి కార్లలో ఒకటి 1972లో ఫ్రాన్సులో తయారైన రెనో 5. మన దేశంలో 1983 డిసెంబరులో మారుతి 800 వచ్చింది. ఆ తర్వాతి కాలంలో చిన్నకార్లకు నల్ల ప్లాస్టిక్ బంపర్లు మామూలైపోయాయి. ప్లాస్టిక్ తేలిక, తుప్పు పట్టదు, చిన్న దెబ్బకు సొట్టపడకుండా వంగి మళ్ళీ యథాస్థితికి వస్తుంది.

ఈ భాగాల్లో ఎక్కువ వాటిని పాలిప్రొపిలీన్ అనే ప్లాస్టిక్‌తో చేస్తారు. ప్రొపిలీన్ అనేది 3 కార్బన్ పరమాణువులు, 6 హైడ్రోజన్ పరమాణువులు ఉన్న చిన్న అణువు. అలాంటి వేలకొద్దీ అణువులను గొలుసు కడియాల్లా కలిపితే పాలిప్రొపిలీన్ అవుతుంది. ఇటలీ శాస్త్రవేత్త జూలియో నట్టా 1954లో ఈ గొలుసులను క్రమపద్ధతిలో కట్టగలిగాడు. అందుకు అవసరమైన ఉత్ప్రేరకాల దారి చూపినవాడు జర్మనీకి చెందిన కార్ల్ సీగ్లర్. ఇద్దరికీ కలిపి 1963లో రసాయనశాస్త్రంలో నోబెల్ బహుమతి లభించింది. మీ ఇంట్లో పెరుగు డబ్బా, ప్లాస్టిక్ కుర్చీ, బియ్యం సంచి కూడా చాలావరకు ఈ పాలిప్రొపిలీనే.

కారు బంపరుకు మాత్రం ఇది ఒక్కటే చాలదు. చలిలో పెళుసుగా విరగకుండా కొంత రబ్బరు కలుపుతారు. బిగువు కోసం టాల్క్ అనే మెత్తని ఖనిజపు పొడి కలుపుతారు. మొహానికి రాసుకునే టాల్కం పౌడరులో ఉండేది ఈ ఖనిజమే. ఎండ దెబ్బ తగలకుండా కార్బన్ బ్లాక్ అనే అతి మెత్తని మసిని, మరికొన్ని రక్షక రసాయనాలను కలుపుతారు. బంపరు నలుపు ఆ మసి వల్ల వచ్చిందే. రంగు పైపూతగా కాక ముద్దలోనే కలిసి ఉంది కాబట్టి చిన్న రాయి తగిలి గీత పడినా లోపలా నలుపే కనిపిస్తుంది. రాళ్ళు ఎగిరిపడే చోట కంపెనీ వాళ్ళు రంగు వేయకుండా వదిలేయడానికి ఖర్చు తగ్గడంతోపాటు ఇదీ ఒక కారణం.

నలుపు బూడిదగా ఎలా మారింది?

ఎండలో మన కంటికి కనిపించే వెలుగుతోపాటు కనిపించని అతినీలలోహిత కిరణాలు కూడా ఉంటాయి. నేల మీదికి చేరేవాటిలో అతి తీక్షణమైన వాటి తరంగదైర్ఘ్యం సుమారు 300 నానోమీటర్లు. పాలిప్రొపిలీన్ గొలుసులో రెండు కార్బన్ పరమాణువుల మధ్య ఉన్న బంధాన్ని తెంచాలంటే మోల్‌కు దాదాపు 350 కిలోజౌళ్ళ శక్తి కావాలి. 300 నానోమీటర్ల కిరణాలలో మోల్‌కు దాదాపు 400 కిలోజౌళ్ళు ఉంటుంది. అంటే గొలుసును తెంచే శక్తి ఎండలో ఉందన్నమాట.

శుద్ధమైన పాలిప్రొపిలీన్ ఈ కిరణాలను పెద్దగా పీల్చుకోదు. కానీ తయారీలో మిగిలిన ఉత్ప్రేరకపు నలుసులు, వేడికి ఏర్పడిన ఆక్సిజన్ సమ్మేళనాలు పీల్చుకుంటాయి. అక్కడ మొదలైన చర్యలో గాలిలోని ఆక్సిజన్ వచ్చి చేరుతుంది. ఒక చోట తెగిన గొలుసు పక్క గొలుసును తెంచుతుంది. గొలుసులు పొట్టివైన కొద్దీ ప్లాస్టిక్ పైపొర పెళుసెక్కి, కంటికి కనిపించని పగుళ్ళు బారుతుంది. పైన ఉన్న ప్లాస్టిక్ అరిగిపోయి లోపలి టాల్క్ పొడి బయటపడుతుంది. నునుపుగా ఉన్న నేల బీటలు వారిన చెరువులా మారిందనుకోండి.

మన ప్రాంతంలో ఈ దెబ్బ మరీ ఎక్కువ. కర్దనూర్ ఉన్నది ఉత్తర అక్షాంశం పదిహేడున్నర డిగ్రీల దగ్గర. అంటే ఏడాదికి రెండుసార్లు, మే రెండో వారం మొదట్లో ఒకసారి, ఆగస్టు మొదటి వారంలో ఒకసారి, మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. ఆ వేళ నిలువుగా నాటిన కర్రకు నీడే ఉండదు. వేసవిలో గాలి వేడి 40 డిగ్రీలు దాటిన రోజున ఎండలో ఉన్న నల్ల ప్లాస్టిక్ వేడి 60 డిగ్రీలు మించిపోతుంది. వేడి పెరిగితే రసాయనచర్యల వేగమూ పెరుగుతుందని మీరు చదువుకున్నారు కదా!

తడిగుడ్డ పరీక్ష

మరి ఆ బూడిద రంగు ఎక్కడి నుంచి వచ్చింది? ఒక తడిగుడ్డతో వెలిసిన బంపరును తుడవండి. వెంటనే అది నల్లగా మారుతుంది. నీళ్ళు ఆరగానే మళ్ళీ బూడిదగా అవుతుంది. అంటే లోపలి మసి ఎక్కడికీ పోలేదు!

నునుపైన తలం మీద పడిన వెలుగు అద్దం మీద పడినట్టు ఒకే దిక్కుకు పోతుంది. గరుకు తలం మీద పడిన వెలుగు అన్ని దిక్కులకూ చెదిరిపోతుంది. అలా చెదిరిన తెల్లని వెలుగు కంటిని చేరడం వల్ల నలుపు వెలవెలబోయి కనిపిస్తుంది. పారదర్శకమైన గాజును పొడి చేస్తే తెల్లగా కనిపించేది ఇందుకే. గుంటల్లో నీళ్ళు నిండితే తలం నునుపై చెదరడం తగ్గుతుంది. బజారులో దొరికే బంపర్ పాలిష్ చేసే పని కూడా ఇదే. అందులోని సిలికోన్ నూనె నీళ్ళకన్నా ఎక్కువ రోజులు గుంటల్లో నిలుస్తుంది. కొన్ని వానలకు, కొన్ని కడుగుళ్ళకు అదీ పోతుంది.

కొందరు వేడి గాలి ఊదే యంత్రంతో బంపరును కాచి నల్లగా చేస్తారు. పైపొర కొద్దిగా కరిగి గుంటలు పూడుకుపోవడం వల్ల నలుపు తిరిగి కనిపిస్తుంది. కానీ తెగిన గొలుసులు అతకవు. కాలిపోయిన రక్షక రసాయనాలు తిరిగి రావు. కనుక కొన్నాళ్ళకే మళ్ళీ వెలుస్తుంది. పాలిప్రొపిలీన్ 160 డిగ్రీలు దాటగానే కరుగుతుంది. చేయి ఒక్క క్షణం ఆలస్యమైతే బంపరు వంకర పోవడం ఖాయం.

రంగు ఎందుకు అతుక్కోదు?

ఇప్పుడు అసలు ప్రశ్నకు వద్దాం. తామరాకు మీద, చేమాకు మీద నీటిబొట్టు ముత్యంలా దొర్లుతుంది. అద్దం మీద అదే బొట్టు పరుచుకుంటుంది. ఏ ద్రవమైనా ఒక తలం మీద పరుచుకోవాలంటే ద్రవపు అణువులకు తమలో తమకున్న ఆకర్షణ కంటే ఆ తలం పట్ల ఆకర్షణ బలంగా ఉండాలి.

దీన్ని అంకెల్లో చూద్దాం. నీటి తలతన్యత మీటరుకు 72 మిల్లీన్యూటన్లు. పాలిప్రొపిలీన్ తలం లాగగల శక్తి అదే కొలతలో సుమారు 30 మాత్రమే. అందుకే ప్లాస్టిక్ డబ్బా మీద నీళ్ళు బొట్లుబొట్లుగా నిలుస్తాయి. చాలా రంగుల తలతన్యత 25 నుంచి 35 మధ్య ఉంటుంది. అంటే రంగు ఈ ప్లాస్టిక్ మీద అతి కష్టం మీద పరుచుకుంటుంది, లేదా అక్కడక్కడా ముడుచుకుపోతుంది. శుభ్రమైన ఉక్కు తలానికి ఆ శక్తి ఎన్నో రెట్లు ఎక్కువ. కనుక దాని మీద రంగు చక్కగా పరుచుకుంటుంది.

పరుచుకుంటే సరిపోదు, పట్టుకోవాలి కూడా. పాలిప్రొపిలీన్ గొలుసులో కార్బన్, హైడ్రోజన్ తప్ప మరేమీ లేవు. రంగు అణువులు చేయి చాచి పట్టుకోవడానికి అక్కడ ఆక్సిజన్ వంటి పట్టుకొమ్మ లేదు. థిన్నర్ కూడా దీన్ని కరిగించి లోపలికి చొరబడలేదు. అందువల్ల నేరుగా వేసిన రంగు చాప పరిచినట్టు పైన ఉంటుంది తప్ప వేరు పట్టదు. ఒక అంచు లేచిందంటే తక్కినదంతా అరటి తొక్కలా ఊడివస్తుంది.

మరి ఫ్యాక్టరీలో ఎలా వేశారు?

మీలో చురుకైనవారు ఈపాటికి ఒక ప్రశ్న అడిగే ఉంటారు. "అనేక కార్లలో బంపరు పై సగం కారు రంగులోనే ఉంటుంది కదా! అదీ పాలిప్రొపిలీనే కదా! ఆ రంగు పదేళ్ళయినా ఎందుకు ఊడలేదు?"

మంచి ప్రశ్న. కర్మాగారంలో రంగుకు ముందు మూడు పనులు చేస్తారు. మొదట బంపరును బాగా కడిగి, అచ్చు నుంచి అంటిన జిడ్డును పూర్తిగా తీసేస్తారు. తర్వాత తలాన్ని రంగుకు అనుకూలంగా మారుస్తారు. దానికి రెండు దారులున్నాయి. ఒక దారిలో గ్యాసు మంటను బంపరు మీదుగా అతి వేగంగా, క్షణంలో కొంతసేపు మాత్రమే తగిలేలా పోనిస్తారు. దాంతో తలం మీద ఆక్సిజన్ చేరి రంగుకు పట్టుకొమ్మలు ఏర్పడతాయి. రెండో దారిలో క్లోరిన్ కలిపిన పాలిప్రొపిలీన్ ఉన్న పలచని ప్రైమర్ పూస్తారు. దాని అణువుల్లో ప్లాస్టిక్‌ను పోలిన భాగం బంపరుతో కలిసిపోతుంది, క్లోరిన్ ఉన్న భాగం పై రంగును పట్టుకుంటుంది. ఇటు పుట్టింటిని, అటు అత్తింటిని కలిపే ఆడపడుచు లాంటిది ఈ ప్రైమర్. మూడో పనిగా, వంగినా పగలని మెత్తని రంగు వేసి సుమారు 80 డిగ్రీల పొయ్యిలో ఆరబెడతారు. ఉక్కు రేకుకు వేసే తొలి పూతను 160 డిగ్రీలు దాటి కాలుస్తారు. ఆ వేడికి ప్లాస్టిక్ నిలవదు గనుక దీనికి వేరే రంగు, వేరే పొయ్యి.

కనుక ప్లాస్టిక్‌కు రంగు అంటదన్న మాట పూర్తి నిజం కాదు. తలాన్ని సిద్ధం చేయకుండా వేసిన రంగు అంటదన్నదే నిజం.

మంట చేసిన పని ఎండ చేయలేదా?

ఇక్కడ ఒక చిక్కు ఉంది. మంట తగిలితే తలం మీద ఆక్సిజన్ చేరి రంగు పట్టుకుంటుందన్నాం. ఎండకు వెలిసినప్పుడూ ఆక్సిజనే చేరిందన్నాం. అలాంటప్పుడు వెలిసిన బంపరు మీద రంగు ఇంకా బాగా పట్టాలి కదా?

నిజానికి వెలిసిన తలం మీద నీళ్ళు కొత్తదాని మీదకన్నా బాగానే పరుచుకుంటాయి. కానీ తేడా లోతులో ఉంది. మంట మార్చేది మిల్లీమీటరులో లక్షో వంతు మందం మాత్రమే. దాని కింద ప్లాస్టిక్ గట్టిగానే ఉంటుంది. ఎండ ఏళ్ళ తరబడి పనిచేసి, మిల్లీమీటరులో పదో వంతు దాకా కూడా పైపొరను గుల్ల చేయగలదు. దాని మీద రంగు వేస్తే రంగు ఆ గుల్ల పొరను గట్టిగానే పట్టుకుంటుంది. ఆ పొరే కింది ప్లాస్టిక్‌ను వదిలేస్తుంది! ఊడిన పెచ్చు అడుగున చూడండి, బూడిద పొడి అంటుకుని ఉంటుంది.

పండుగకు ఇంటికి సున్నం వేసేటప్పుడు పెద్దవాళ్ళు ఏం చేస్తారు? పొడి రాలే పాత సున్నాన్ని గీకి, కడిగి, ఆ తర్వాతే కొత్తది వేస్తారు. గీకకుండా వేస్తే సంక్రాంతికి వేసినది ఉగాదికి రాలుతుంది. బంపరుకూ అదే నియమం. గుల్ల పొర పోయి గట్టి ప్లాస్టిక్ తగిలేదాకా గరుకు కాగితంతో రుద్దాలి. అప్పుడు బయటపడేది మళ్ళీ పట్టుకొమ్మలు లేని పాలిప్రొపిలీన్. కాబట్టి ప్లాస్టిక్ ప్రైమర్ తప్పనిసరి. రుద్దడం, ప్రైమర్ రెండూ చేయాలి. ఒకటి చేస్తే చాలదు.

పెరిగే ప్లాస్టిక్, పెరగని రంగు

వేడికి వస్తువులు వ్యాకోచిస్తాయి. ఉక్కు ఒక డిగ్రీ వేడెక్కితే పొడవులో పది లక్షల వంతుల్లో 12 వంతులు పెరుగుతుంది. టాల్క్ కలిపిన బంపరు ప్లాస్టిక్ దాదాపు 80 వంతులు పెరుగుతుందనుకుందాం. బంపరు పొడవు 1500 మిల్లీమీటర్లు. చలికాలం తెల్లవారుజామున 15 డిగ్రీలు, వేసవి మధ్యాహ్నం 65 డిగ్రీలు. తేడా 50 డిగ్రీలు. ఇప్పుడు లెక్క కట్టండి. ఉక్కు అయితే పెరిగేది 0.9 మిల్లీమీటర్లు. ప్లాస్టిక్ అయితే 6 మిల్లీమీటర్లు!

పైనున్న రంగు పొరలన్నీ కలిపినా మందం మిల్లీమీటరులో పదో వంతే. అది ప్లాస్టిక్‌తో పాటు సాగాలి, ముడవాలి, గేటుకు తగిలి బంపరు వంగితే వంగాలి. గోడలకు, ఇనుప కిటికీలకు వేసే గట్టి ఎనామెల్ దీనికి తట్టుకోలేక పగులుతుంది. అందుకే ప్లాస్టిక్ భాగాలకు వేసే రంగులో సాగుడు గుణమిచ్చే పదార్థం కలపాలి.

చేసి చూడండి

పెరుగు డబ్బాలు, ఐస్‌క్రీం డబ్బాల మూతల్లో అడుగున త్రికోణంలో 5 అంకె ఉన్నవి ఏరండి. ఆ అంకె పాలిప్రొపిలీన్ గుర్తు. రెండు మూతలు, ఒక రేకు డబ్బా మూత తీసుకుని సబ్బుతో కడిగి ఆరబెట్టండి. ఒక ప్లాస్టిక్ మూతను గరుకు కాగితంతో రుద్ది, పొడి తుడిచేయండి. ఒక్కో చుక్క నీరు వేసి మూడింటి మీద బొట్టు ఆకారం గీసుకోండి. ఆరాక మూడింటికీ గోళ్ళ రంగు పలచగా పూసి ఒక రోజు ఆగండి. తర్వాత గుండుసూదితో రంగు మీద నిలువుగా ఆరు గీతలు, అడ్డంగా ఆరు గీతలు గీయండి. 25 చిన్న గళ్ళు వస్తాయి. అంటుకునే టేపును గట్టిగా అదిమి ఒక్కసారిగా లాగండి. ఎన్ని గళ్ళు ఊడాయో మూడింటికీ లెక్కపెట్టి పట్టిక రాయండి.

రేకు మీద ఎక్కువ గళ్ళు నిలవడం, నున్నని ప్లాస్టిక్ మీద ఎక్కువ గళ్ళు ఊడటం మీరు చూడవచ్చు. గరుకు చేసిన మూత ఏం చెప్పిందో మీరే నమోదు చేయండి. రంగుల పరిశ్రమలో పట్టును పరీక్షించేది కూడా ఈ గళ్ళ పద్ధతితోనే. బంపరుకు రంగు వేయించేముందు కనబడని మూల ఒకచోట వేసి ఇదే పరీక్ష చేయమని మీ ఇంట్లో చెప్పండి.

ఇంకొక ప్రయోగం ఓపికతో చేయాలి. నల్ల ప్లాస్టిక్ ముక్కకు సగం మేర అల్యూమినియం రేకు చుట్టి ఇంటి డాబా మీద పెట్టండి. నెలకోసారి రేకు తీసి రెండు సగాలనూ పోల్చండి. ఎండ కనిపించని చేత్తో ఏం చేస్తుందో మీకే తెలుస్తుంది.

రంగు కొట్టేవారి ఊపిరి

కారు రంగుల్లో గట్టివి రెండు డబ్బాలుగా వస్తాయి. ఒకటి రంగు, రెండోది దాన్ని గట్టిపరిచే హార్డెనర్. చాలా హార్డెనర్లలో ఐసోసయనేట్ అనే జాతి రసాయనాలు ఉంటాయి. 1984 డిసెంబరులో భోపాల్‌లో వేలమందిని బలిగొన్న మిథైల్ ఐసోసయనేట్ ఈ జాతిదే. రంగులో వాడేవి దానంత తేలికగా ఆవిరి కావు. కానీ తుంపరగా చిమ్మినప్పుడు ఊపిరితిత్తుల్లోకి చేరి ఉబ్బసం తెప్పించగలవు. ఒకసారి ఒంటికి పడకుండా పోతే ఆ తర్వాత కొద్దిపాటి తుంపరకే ఆయాసం రావచ్చు. ముక్కుకు కట్టిన రుమాలు దీన్ని ఆపలేదు. బయటి నుంచి శుభ్రమైన గాలి అందించే ముసుగు, గాలి లాగే పంకాలున్న గది కావాలి.

మన పారిశ్రామిక ప్రాంతంలో మీ అన్నలో, బాబాయిలో డెంటింగ్, పెయింటింగ్ షెడ్లలో పనిచేస్తూ ఉండవచ్చు. ఈ మాట వారికి చెప్పండి. మీరు మాత్రం ఇంట్లో స్ప్రే రంగుతో, థిన్నర్‌తో, పెట్రోలుతో ప్రయోగాలు చేయవద్దు. వాటి ఆవిరికి దూరాన ఉన్న దీపం కూడా నిప్పంటించగలదు. మంటతో తలాన్ని కాల్చే పని కర్మాగారంలో యంత్రం చేయాల్సిందే. వాడిన థిన్నర్‌ను మోరీలో పోయకూడదు. కర్మాగారాల మురికితో నక్కవాగు ఎంత పాడైందో పటాన్‌చెరు చుట్టుపక్కల వారికి వేరే చెప్పాలా!

అయితే ఏం చేయాలి?

మీ ఇంట్లోనో, పక్కింట్లోనో ఈ చర్చ వచ్చినప్పుడు నాలుగు ప్రశ్నలు వరుసగా అడగండి.

మొదటిది: తడిగుడ్డతో తుడిస్తే నల్లగా మారుతోందా? మారితే లోపలి ప్లాస్టిక్ బాగుందని అర్థం. సబ్బునీళ్ళతో కడిగి, నెలకో రెండు నెలలకో పాలిష్ రాస్తే చాలు. రంగు అవసరం లేదు. వీలైనంతవరకు నీడలో నిలపడం అన్నిటికన్నా చవకైన మందు. ఒక హెచ్చరిక: ముందు ముందు రంగు వేయించే ఆలోచన ఉంటే సిలికోన్ పాలిష్ రాయవద్దు. దాని జిడ్డు కొంచెం మిగిలినా కొత్త రంగు చేప కళ్ళలా గుండ్రటి గుంటలుగా విడిపోతుంది.

రెండోది: గోరుతో నొక్కితే పగుళ్ళు కనిపిస్తున్నాయా, అంచులు విరుగుతున్నాయా? అలా అయితే రంగు ఆ ప్లాస్టిక్‌ను బతికించలేదు. రంగుకు పెట్టే డబ్బుతో ఆ భాగాన్నే మార్చడం మేలు.

మూడోది: ఆ భాగం ఎక్కడుంది? చక్రాల అంచులు, బంపరు అడుగు రోజూ రాళ్ళ దెబ్బలు తినేవి. రంగు వేస్తే ప్రతి దెబ్బా ఒక మచ్చగా కనిపిస్తుంది. వెనుక బంపరులో గుండ్రటి సెన్సార్లు ఉంటే వాటి మీద మందంగా రంగు పడితే పనిచేయడం దెబ్బతినవచ్చు. రాళ్ళు తగలని చోట ఉండే అద్దాల తొడుగులు రంగుకు అనువైనవి. వాటిని చాలాసార్లు ఎ.బి.ఎస్. అనే వేరే ప్లాస్టిక్‌తో చేస్తారు. దానికి రంగు పాలిప్రొపిలీన్ కన్నా తేలికగా పడుతుంది. ఏ ప్లాస్టిక్ అన్నది ఆ భాగం వెనుక వైపు ఇంగ్లీషు అక్షరాల్లో అచ్చుగుద్ది ఉంటుంది. పి.పి. అని ఉంటే పాలిప్రొపిలీన్.

నాలుగోది: రంగు వేసే షెడ్డులో ప్లాస్టిక్ ప్రైమర్ ఉందా? రంగులో సాగుడు పదార్థం కలుపుతారా? భాగాన్ని విప్పి, కడిగి, గట్టి ప్లాస్టిక్ తగిలేదాకా రుద్దుతారా? ఈ మూడింటికీ "అవును" అన్న జవాబు వస్తేనే ముందుకు పోవాలి. "ఇవన్నీ ఎందుకు, రెండు కోటింగులు కొడితే సరి" అంటే అక్కడ వేయించకుండా ఉండటమే లాభం.

మరొకటి కూడా గుర్తుంచుకోవాలి. రంగు వేయని పాలిప్రొపిలీన్‌ను కరిగించి మళ్ళీ వాడటం సులభం. రంగు వేసినదాన్ని ముందు గీకాలి. లేకపోతే ఆ రంగు నలుసులు కొత్త వస్తువును బలహీనపరుస్తాయి.

మొత్తం మీద నా సలహా ఇది. రోజూ దుమ్ములో, ఎండలో తిరిగే కారు నల్ల బంపరుకు కడుగుడు, పాలిష్, నీడ ఇవి చాలు. రంగు వేయాలనే నిశ్చయించుకుంటే సగం పని చేయించవద్దు. రంగు ఖరీదుకన్నా రంగుకు ముందు చేసే పనికే ఎక్కువ సమయం, ఎక్కువ శ్రద్ధ కావాలి.

ఆలోచించండి

1. తెల్ల ప్లాస్టిక్ కుర్చీ, నల్ల నీళ్ళ ట్యాంకు రెండూ డాబా మీద ఉన్నాయి. ఏది ముందు పెళుసెక్కుతుంది? ఎందుకు?

2. బంపరును కారుకు బిగించే కొన్ని రంధ్రాలు గుండ్రంగా కాక కోలగా ఉంటాయి. ఈ వ్యాసంలోని ఏ లెక్క దానికి కారణం చెబుతుంది?

3. వానలో తడిసిన బంపరు కొత్తదానిలా కనిపిస్తుంది. పాత కారు కొనేవారు ఏ వేళలో చూడాలి?

ప్లాస్టిక్‌ల గురించి ఇంకా తెలుసుకోవాలనుకునేవారికి ఒక కబురు. హైదరాబాదు చర్లపల్లిలో ఉన్న సీపెట్ కేంద్రంలో ప్లాస్టిక్‌ల తయారీ, పరీక్షల విద్య నేర్పుతారు. పది పాసైనవారు చేరగల కోర్సులూ ఉన్నాయి. మీ గళ్ళ పట్టికలు మాత్రం ఈలోగా మీ సైన్సు మాస్టారుకు చూపించి, మూడో మూత సంగతి తరగతిలో చర్చించండి.